సున్నపు చుక్క

మా అవ్వ ఫక్కీరమ్మకు అంకెలు రావు.
పత్తికొండలో మా దూదేకుల వీధికి
ట్యాంకరు ఏ రాత్రి వస్తుందో మాత్రం తెలుసు.
డోన్ రోడ్డు మీద ఎక్కడో ఎత్తెక్కుతా
గేరు మార్చిన చప్పుడుకే లేచి కూర్చునేది.
పళ్ళెం మీద గరిటె.
"లేయండమ్మా, లేయండి, గంగమ్మ వచ్చె!"
మసీదులో ఇంకా బాంగు కాలేదు,
కోళ్ళు కూడా నిద్రలోనే ఉన్నాయి.

వక్కాకు సున్నం డబ్బీ బొడ్లో దోపుకొని
బిందెల వరస వెంబడి వంగి వంగి నడిచేది.
ఒక చుక్క ఉరుకుందమ్మకు,
రెండు చుక్కలు సుంకులమ్మకు,
బాలింత ఉన్న ఇంటికి చుక్క పక్కన అడ్డగీత.
అంటే రెండు బిందెలు, ఎవరూ నోరెత్తకూడదు.
ఎత్తితే
ఆ తిట్లు నేనిక్కడ రాయలేను.

మా బిందె ఎప్పుడూ కడాకే.
దానికి చుక్క కూడా ఉండదు.
"మనది మనకు తెల్దా ఏందే?"

మా అమ్మ మాబున్నీకి ఇది చివరిదాకా మింగుడుపడలేదు.
ట్యాంకరు అడుగున తుప్పు, ఇసక,
పైపు దగ్గి దగ్గి కక్కిన నాలుగు గుక్కలు,
అదీ మా వంతు.
నేను తలకు పోసుకోకుండా బడికి పోయిన శుక్రవారాలు
అమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టేది.
"ఊరికంతా అమ్మ.
కడుపున పుట్టిన నాకు మాత్రం అత్త" అనేది
పొయ్యిలోకి చూస్తా.

పగలంతా పరుపులు కుట్టేది అవ్వ.
దబ్బనం నొక్కి నొక్కి అరిగిన బొటనవేలికి
ముద్ర పడలేదని
పింఛను మిషను మూడు నెలలు తిప్పి పంపింది.
ఆ చేత్తోనే ఎంతమందిని పట్టుకొని
కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయిందో.
కిటికీ పక్క సీటు రోగికి,
తను బస్సు మెట్టు మీద, ఒళ్ళో సద్ది మూట.
చుట్టుపక్కల గుళ్ళలో వెలిగిన ఒత్తుల్లో
మా ఇంటి దూది ఎంతో
ఆ దేవుళ్ళే చెప్పాలి.

మంచిదని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు.
మొండిది.
వక్కాకు అప్పు ఏ అంగట్లోనూ తీర్చిన పాపాన పోలేదు.
ఒక చీపురు కట్ట గొడవలో
సుంకులమ్మతో ఆరేళ్ళు మాట మానేసింది.
రెండు చుక్కలు పెట్టడం మాత్రం మానలేదు.

ఎండలు ముదిరిన ఒక మంగళవారం పోయింది.
గుసులుకు నీళ్ళు కావాలి.
ట్యాంకరు వచ్చి ఆరు రోజులు.
అమ్మ కుండ వంచి చూసింది,
అడుగు కనపడింది.
ఎవరినీ అడగలేదు.
పళ్ళెం కొట్టే మనిషి చాప మీద ఉంది.

గడప దగ్గర చెంబు పెట్టిన చప్పుడు.
కాసేపటికి ఇంకొకటి.
స్టీలు చెంబు, ప్లాస్టిక్ మగ్గు, మూత లేని పాలడబ్బా.
ఉరుకుందమ్మ మనవరాలు గ్లాసు నిండా పట్టుకొని
ఒలకకుండా
నాలుక బయటపెట్టి నడుచుకుంటా వచ్చింది.
సుంకులమ్మ బిందెతోనే వచ్చింది.
ఏమీ మాట్లాడలేదు.
రెండు చుక్కలు దాని మెడ మీద ఇంకా ఉన్నాయి.

బతికుండగా ఎప్పుడూ
అన్ని నీళ్ళు పోసుకోలేదు మా అవ్వ.

పదోనాటి రాత్రి డోన్ రోడ్డు మీద గేరు మారింది.
ఈసారి లేచింది అమ్మ.
మా బిందె తీసుకుపోయి
అన్నిటికంటే ముందు పెట్టింది.
ఎవరూ కాదనలేదు.
ఉరుకుందమ్మ తన బిందెను కొంచెం వెనక్కు జరుపుకుంది.
పైపు పట్టుకున్న పిల్లోడు చూస్తా నిలబడ్డాడు.

అమ్మ అక్కడే ఉంది కాసేపు,
కొంగు పళ్ళ మధ్య పెట్టుకొని,
వీధి పొడుగునా వరసను చూస్తా.
"నీ మొండితనం మన్నుగాను!
పోయినాక కూడా ముందు నిలబడనీవు గదే నన్ను"
అని బిందె చంకకెత్తుకొని
మలుపులో కరెంటు స్తంభం దాకా నడిచి
కడాకు పోయి నిలబడింది.

అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నన్ను ఇంటికి తరిమింది.
డబ్బీ గూట్లోనే ఉంది.
సున్నం ఎండి పెళ్ళలైంది.
తడుపుదామంటే
నీళ్ళు ఇంకా వదలలేదు.

ఆ పూట మాకు అర బిందె దొరికింది.